షుగరు ఉన్నవాళ్లందరం నెలకోసారి కూర్చుంటే: మీ ఊళ్లో ఎలా నడిచింది?

పొదిలి అమ్మాయి:
అందరికీ నమస్కారం. మాది పొదిలి దగ్గర పల్లె. మా నాన్నకు షుగరు వచ్చి తొమ్మిదేళ్లు. మాత్రలకు లోటు లేదు. 104 బండి వస్తుంది, ఆశా అక్క ఇంటికి వచ్చి మరీ గుర్తుచేస్తుంది. అయినా మొన్న హెచ్‌బీఏ1సీ రక్త పరీక్షలో 9.4 వచ్చింది. అది రెండు మూడు నెలల షుగరు సగటు కాబట్టి, ఆ ఒక్క రోజు ఏదో తిన్నాడు అని సరిపెట్టుకోవడానికి లేదు. డాక్టరు గారు "అన్నం తగ్గించండి, నడవండి" అన్నారు. ఎంత తగ్గించాలి? కూలికి వెళ్లే రోజు మాత్ర ఎప్పుడు వేసుకోవాలి? తీరిగ్గా అడిగే చోటు లేదు. మా వీధిలోనే పదకొండు మందికి షుగరు ఉంది. అందరినీ రామాలయం అరుగు మీద కూర్చోబెట్టాలని ఉంది. ఎవరైనా ఇలా నడిపారా? దేనితో మొదలుపెట్టారు?

కావలి మాస్టారు:
మూడేళ్లుగా నడుపుతున్నాను తల్లీ. నాకూ షుగరే. ముందు నేను చేసిన తప్పు చెబుతాను. పటాలు తగిలించి క్లోమగ్రంథి మీద పాఠం చెప్పాను. ఇరవై రెండు మందితో మొదలైతే మూడో నెలకు ఆరుగురు మిగిలారు. పాఠం వినడానికి ఎవరూ రారు, తమ బాధ చెప్పుకోవడానికి వస్తారు. అది నాకు ఆలస్యంగా తెలిసింది.

నాలుగో నెల ఒక కాటా, ఒక గిన్నెడు అన్నం పెట్టి, ఇంట్లో వడ్డించుకున్నట్టే వడ్డించుకోమన్నాను. "నేను రెండు హస్తాలే తింటాను మాస్టారూ" అని ఏడాదిగా చెబుతున్న ఒక పెద్దావిడ పళ్లెం తూచితే అన్నమే 450 గ్రాములు. వంద గ్రాముల అన్నంలో పిండి పదార్థం సుమారు 28 గ్రాములు. లెక్క ఆవిడే వేసుకుంది. ఎవరూ ఒక్క మాట అనలేదు. కాసేపు పళ్లెం వంకే చూసి, సగం తీసి గిన్నెలో వేసి, ఆ ఖాళీలో బీరకాయ కూర వడ్డించుకుంది. ఆ రోజు నుంచి మా సమావేశాలకు ప్రాణం వచ్చింది.

ఇంకొకటి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కేట్ లోరిగ్ బృందం రూపొందించిన పద్ధతి ఉంది. వారానికోసారి రెండున్నర గంటలు, ఆరు వారాలు. నడిపేది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన మామూలు మనుషులు ఇద్దరు. ప్రతి ఒక్కరూ వచ్చే వారానికి చిన్న పని ఒకటి ఎంచుకుని, చేయగలనన్న నమ్మకం పదికి ఎంతో చెప్పాలి. ఏడు కన్నా తక్కువైతే పనినే చిన్నది చేస్తారు. మేము దీన్ని తీసుకున్నాం. "రోజూ గంట నడుస్తాను" అన్నవాళ్లు "వారానికి మూడు సాయంత్రాలు, స్టేషను దాకా" అన్న చోటికి దిగితే నిజంగానే నడుస్తారు.

టంగుటూరు రైతు:
అమ్మాయీ, మొదటి సమావేశంలోనే షుగరు పడిపోవడం గురించి చెప్పించు. పెరగడం గురించి అందరికీ భయమే, పడిపోవడం గురించి మాత్రం ఎవరూ చెప్పరు. నాకది ప్రాణం మీదికి వచ్చింది. పొగాకును వేడి మీద ఆరబెట్టే బ్యారన్‌లో ఆకు క్యూరింగ్ నడుస్తోంది. మాత్ర వేసుకున్నాను, మంట చూసి వచ్చి తిందాములే అనుకున్నాను. పది దాటేసరికి చొక్కా తడిసిపోయింది. బ్యారన్ వేడి అనుకున్నాను. కట్టె పట్టుకుంటే చేయి వణికింది. పక్క బ్యారన్ తాత మా గుంపులో మనిషి. నా మొహం చూసి "ఇది సెగ కాదురా, షుగరు పడింది" అని మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాడు. ఇంటి నుంచి మీటరు తెప్పించి చూస్తే అప్పటికి 58. పావుగంటకు 92. ఆ తర్వాతే అన్నం పెట్టారు. 70 కన్నా తగ్గితే ఇదే పద్ధతి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోను చేయాలి. మాత్ర నేను మానలేదు, డాక్టరు గారికి ఉన్నది ఉన్నట్టు చెబితే ఆయనే మార్చారు. ఇప్పుడు లుంగీ మడతలో చక్కెర పొట్లం లేకుండా బ్యారన్‌కు వెళ్లను.

బుచ్చి కోడలు:
మా డ్వాక్రా గుంపులో నుంచే పుట్టింది మాది. అక్కా, ఒక్క నియమం ముందే పెట్టు: ఎవరూ ఏమీ అమ్మకూడదు. మా మూడో సమావేశానికి ఒకాయన చుట్టరికం చెప్పుకుని వచ్చి, పొడి డబ్బా 1,800 రూపాయలకు అమ్మాడు. నలుగురు కొన్నారు. అందులో మా అత్తమ్మ మాత్రలు కూడా మానేసింది. రెండు నెలలకు 380. ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

కొర్రల సంగతి కూడా. మొలగొలుకుల అన్నం మానేసి కొర్రలు తింటే చాలు, ఎంతైనా తినవచ్చు అనుకున్నాం. అదే రాశి పోసుకుని తిని, మొదటి ముద్ద నుంచి రెండు గంటలకు చూసుకుంటే 240. కొర్రలు మంచివే, కొలత కొర్రలకూ ఉంది.

దర్శి నుంచి ఒకరు:
ఇవన్నీ బాగున్నాయి. గుంపు పెడితే షుగరు తగ్గుతుందని రుజువు ఉందా?

కావలి మాస్టారు:
అడగవలసిన ప్రశ్నే. కేరళలో 60 పోలింగ్ బూత్‌ల పరిధిలో, షుగరు వచ్చే ముప్పు ఎక్కువగా ఉన్న 1,007 మందితో ఇలాంటి గుంపులు నడిపి చూశారు. ఫలితాలు 2018లో వచ్చాయి. కొత్తగా షుగరు వచ్చినవాళ్ల సంఖ్యలో గట్టిగా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మద్యం తగ్గింది, కూరగాయలు, పండ్లు తినడం పెరిగింది. కాబట్టి గుంపు మాత్రలకు బదులు కాదు. మాత్ర వేసుకున్నాక మిగిలే ఇరవై నాలుగు గంటల కోసం గుంపు.

ఆత్మకూరు ఏఎన్ఎం:
గ్రామంలోని హెల్త్ క్లినిక్‌కు ముందే చెప్పండమ్మా, మేము వస్తాం. ముప్పై దాటిన అందరికీ బీపీ, షుగరు చూడడం మా పనే. నేను వెళ్లిన చోటల్లా ముందు చెప్పులు విప్పమంటాను. ఒక ఊళ్లో ఒకాయన అరికాలిలో సర్కారు తుమ్మముల్లు విరిగి ఉంది, చుట్టూ చీము పట్టింది. "ఎప్పుడు గుచ్చుకుంది?" అంటే ఆయన నా మొహం చూశాడు. ముల్లు ఉన్నట్టే తెలియదు. స్పర్శ పోయిన కాలు అలాగే ఉంటుంది. రాత్రి పడుకునే ముందు అద్దం పెట్టుకుని అరికాలు చూసుకోవాలి, చూపు ఆనకపోతే ఇంట్లోవాళ్లు చూడాలి. పొలానికి వట్టి కాళ్లతో వెళ్లవద్దు.

కోటమిట్ట నుంచి:
రంజాన్‌కు నెల ముందే రోజా ఉండేవాళ్లందరినీ కూర్చోబెట్టి, డాక్టరు గారితో మాత్రల వేళలు మార్పించుకుంటాం. 70 కన్నా తగ్గితే రోజా విరమించాలని మా ఇమాం గారి చేతే చెప్పించాం. మేము చెబితే వినని పెద్దలు ఆయన మాట విన్నారు.

పొదిలి అమ్మాయి:
నిన్న ఆదివారం మొదటి సమావేశం జరిగింది. పదకొండు మందిలో తొమ్మిది మంది వచ్చారు. కాటా పక్కింట్లో అడిగి తెచ్చాను. నాన్న పళ్లెం 410 గ్రాములు. మాస్టారూ, మీరు చెప్పినట్టే నేను నోరు మెదపలేదు. ఆయన "మంగళ, గురు, శనివారాలు చెరువు కట్ట దాకా నడుస్తాను" అన్నారు. నమ్మకం ఎంత అంటే ఎనిమిది అన్నారు. మా ఎదురింటి పెద్దమ్మ ఐదు అంది, అందుకని ఆమె పని "రాత్రి పూట ఒక హస్తం తగ్గించడం" దగ్గర ఆపాం. వచ్చే నెల పాదాలు చూడడానికి మా ఏఎన్ఎం గారు వస్తానన్నారు. స్పర్శ చూసే నైలాన్ దారం మేము కొనుక్కోవాలా?

ఆత్మకూరు ఏఎన్ఎం:
ముందు పీహెచ్‌సీలో అడిగి చూడండి. ఆ రోజు అందరినీ కాళ్లు కడుక్కుని రమ్మనండి, మడమల పగుళ్లు కూడా చూడాలి.