మంచి హార్డ్‌వేర్ ఉన్న ల్యాప్‌టాప్‌లో లినక్స్ స్వేచ్ఛగా నడవాలంటే ఏది కొనాలి?

నీలిమ:
రోజంతా కోడ్ రాసే పని నాది. కొత్త ల్యాప్‌టాప్ కొనాలి. కీబోర్డు చేతికి హాయిగా ఉండాలి, తెర మీద అక్షరం పదునుగా కనిపించాలి, మూత కీలు తొందరగా వదులైపోకూడదు. ఫెడోరా లినక్స్ తప్ప మరేదీ నడపను. ఎం2 మాక్‌బుక్ ఎయిర్ తెర చూశాక మనసు అటే లాగుతోంది. ఆపిల్ చిప్‌ల మీద నడిచేలా తయారైన అసాహి లినక్స్‌ను రోజువారీ పనికి నమ్ముకోవచ్చా? లేక థింక్‌ప్యాడ్, ఫ్రేమ్‌వర్క్‌లలో ఒకటి ఎంచుకోవాలా?

రఘు:
ఎం1, ఎం2 చిప్‌లున్న యంత్రాలైతే నమ్ముకోవచ్చు. ఆపిల్ వాటిలో బూట్ దారిని మూసేయలేదు. యజమాని పాస్‌వర్డ్ ఇచ్చి ఒప్పుకుంటే వేరే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) కూడా నడుస్తుంది. చిప్ వివరాలు మాత్రం బయటపెట్టలేదు. గ్రాఫిక్స్ డ్రైవర్‌ను అసాహి బృందం ఆ చిప్ పనితీరును గమనించి సొంతంగా రాసింది, ఎంత మెచ్చుకున్నా తక్కువే. 2023 డిసెంబరులో ఫెడోరా అసాహి రీమిక్స్ విడుదలైంది కాబట్టి మీకు అలవాటైన ఫెడోరాయే దొరుకుతుంది. టచ్ ఐడీ పనిచేయదు. ఫర్మ్‌వేర్ (పరికరాల లోపలే ఉండి వాటిని నడిపే సాఫ్ట్‌వేర్) నవీకరణల కోసం మాక్‌ఓఎస్‌ను డిస్కులో ఓ పక్కన ఉంచుకోవాలి.

సుజాత:
నీలిమ గారూ, తెర, కీబోర్డు బాగున్నాయని అక్కడితో ఆగకండి. మూత వేసినప్పుడు యంత్రం ఎలా నిద్రపోతుందో (సస్పెండ్) చూడండి. ఎస్3 అనే పాత పద్ధతి నిద్రలో దాదాపు ర్యామ్‌కు తప్ప దేనికీ కరెంటు అందదు. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో అది లేదు. వాటిలో ప్రాసెసర్, డ్రైవర్లు అన్నీ కలిసి విశ్రాంతి స్థితికి చేరాలి. ఒక్క పరికరం మేలుకుని ఉన్నా చిప్ మొత్తం మేలుకునే ఉంటుంది. మూత వేసి సంచిలో పెట్టిన యంత్రం బయటికి తీసేసరికి వేడెక్కి, బ్యాటరీ అడుగంటి ఉండడానికి తరచూ ఇదే కారణం.

తర్వాత కెమెరా. మా ఆఫీసులో ఇచ్చిన ఖరీదైన ల్యాప్‌టాప్‌లో అన్నీ పనిచేశాయి, కెమెరా తప్ప. అది మామూలు యూఎస్‌బీ కెమెరా కాదు, ఐపీయూ6 అనే ఇంటెల్ ఇమేజ్ ప్రాసెసింగ్ భాగం ద్వారా నడిచేది. 2024లో వచ్చిన 6.10 కెర్నల్‌లో కూడా దాని డ్రైవర్ కొంత భాగమే చేరింది. అంత డబ్బు పోసిన యంత్రంలో కెమెరా అలంకారంగా మిగలడం అన్యాయం.

అందుకే కొనేముందు లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే పెన్‌డ్రైవ్) బూట్ చేసి చూడండి. మూత వేసి కాసేపు ఆగి తెరవండి, కెమెరా ఆన్ చేయండి, స్పీకర్లు వినండి. ఆ కంపెనీ ఎల్‌వీఎఫ్‌ఎస్‌లో (లినక్స్‌కు ఫర్మ్‌వేర్ నవీకరణలు అందించే సేవ) ఫర్మ్‌వేర్ పెడుతోందా అన్నదీ ముఖ్యమే. లెనోవో, డెల్, ఫ్రేమ్‌వర్క్ పెడుతున్నాయి. బయాస్ (యంత్రాన్ని మొదట లేపే ఫర్మ్‌వేర్) నవీకరణ కోసం విండోస్ ముఖం చూడనక్కర్లేదు. పైగా ఫ్రేమ్‌వర్క్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ లేకుండానే కొనవచ్చు.

మాధవ్:
స్వేచ్ఛ అన్న మాటను పట్టుకుంటే కథ ఇంకా లోతుకు పోతుంది. ఇంటెల్ వైఫై డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది, కార్డులోకి ఎక్కే ఫర్మ్‌వేర్ మాత్రం సోర్స్ కోడ్ బయటపెట్టనిదే. డెబియన్ లినక్స్ కూడా 2023లో 12వ వెర్షన్ నుంచి అలాంటి ఫర్మ్‌వేర్‌ను ఇన్‌స్టాలర్‌లో చేర్చింది. బయాస్ దాకా స్వేచ్ఛ కావాలంటే 2008 నాటి థింక్‌ప్యాడ్ ఎక్స్200లో లిబ్రేబూట్ అనే స్వేచ్ఛా బయాస్ వేసుకుని, ప్రాసెసర్‌తో పాటు విడిగా నడిచే ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజిన్‌ను పూర్తిగా తొలగించవచ్చు. నాకు ఇష్టమైన యంత్రం అదే. ర్యామ్ 8 జీబీకి మించి పట్టదు.

నీలిమ:
8 జీబీ నా కంపైల్ పనికి చాలదు. కొత్త థింక్‌ప్యాడ్‌నే లైవ్ యూఎస్‌బీతో పరీక్షిస్తాను. వైఫై కార్డు ఏ కంపెనీదో చూడాలా?

సుజాత:
చూడండి. దానికంటే ముందు, కార్డు బోర్డుకు అతికించి ఉందా, విడిగా మార్చుకునేలా ఉందా అన్నది సర్వీస్ మాన్యువల్‌లో వెతకండి. ర్యామ్ విషయంలోనూ అంతే.