నల్లరేగడిలో కోళ్ల దొడ్డి: అడుగున ఏం పోయాలి?

ఒంగోలు దగ్గర రేగడి నేలలో పది నాటుకోళ్లకు 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవున దొడ్డి కట్టాలి. సగానికి రేకులు, మిగతా సగానికి పైన వల మాత్రమే. రేకుల కింద నాలుగంగుళాల వరి ఊక పోసి తరచూ తిరగేస్తే సరిపోతుంది.

చిక్కంతా తెరిచిన సగంతోనే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు ఊక తడిస్తే కుళ్లి ఘాటు వాసన, వెనకే కోడిపిల్లలకు రక్తపారుడు. వేరుశనగ పొట్టుకు బూజు ఇంకా త్వరగా పడుతుంది. ఇసుకే మేలు. కానీ నేరుగా పోస్తే కోళ్లు గీకి బురదలో కలిపేస్తాయి. తవ్వి పోస్తే రేగడి గుంతలో నీళ్లు నిలుస్తాయి. అందుకని నేలమీదే ఎత్తు చేసి, కాలువ వైపు వాలుగా కంకర, దానిపైన ఆరంగుళాల ముతక ఇసుక పోద్దామని ఉంది.

కంకరకూ ఇసుకకూ మధ్య షేడ్ నెట్ పరిస్తే నిలుస్తుందా, పోగులు ఊడి కాళ్లకు చుట్టుకుంటాయా? ఇలాంటి నేలలో చేసినవాళ్లు చెప్పండి.