పాత గోల్ఫ్ సెట్: మొత్తం మార్చాలా, గ్రిప్పులు (చేత్తో పట్టుకునే చోటి రబ్బరు తొడుగులు) మారిస్తే సరిపోతుందా?

గోల్కొండ_18
2010లో కొన్న సెట్. క్యాస్ట్ స్టీల్ ఐరన్లు (మధ్య దూరాల క్లబ్బులు), వాటికి స్టీల్ షాఫ్టులు (కడ్డీలు), 460 సీసీ టైటానియం డ్రైవర్‌కి (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్) గ్రాఫైట్ షాఫ్ట్, 56 డిగ్రీల శాండ్ వెడ్జ్ (ఇసుకలోంచి, దగ్గరి షాట్లకి వాడేది). వెడ్జ్ షాట్లు గ్రీన్ (రంధ్రం చుట్టూ ఉండే పొట్టి గడ్డి) మీద ఆగకుండా దొర్లిపోతున్నాయి. డ్రైవర్ చేతిలో తిరుగుతోంది, దూరం కూడా తగ్గింది. బ్యాగ్ ఎప్పుడూ కారు డిక్కీలోనే ఉంటుంది. పాతబడితే లోహంలో పస తగ్గుతుందా? సెట్ మొత్తం మార్చాలా?

షాఫ్ట్_రిపేర్
మొత్తం అక్కర్లేదండీ. ఐరన్ హెడ్డు ఏళ్లు గడిచినంత మాత్రాన మెత్తబడదు. స్టీల్ షాఫ్ట్ వంగకుండా, లోపల తుప్పు పట్టకుండా ఉంటే ఫ్లెక్స్ (వంగే గుణం) మారదు.

డ్రైవర్ తిరగడం గ్రిప్ వల్లే. చెమటకీ డిక్కీ వేడికీ రబ్బరు గట్టిపడి నున్నబడుతుంది. జారుతుందేమోనని మనకు తెలియకుండానే పట్టు బిగిస్తాం, మణికట్టు బిగుసుకుపోతుంది, స్వింగ్ వేగం పడిపోతుంది. ముందు గోరువెచ్చని నీళ్లతో, గిన్నెలు తోమే సబ్బుతో రుద్ది కడిగి ఆరబెట్టండి. అప్పటికీ బొటనవేలు ఆనే చోట మెరుస్తుంటే మార్చేయండి. ఏడాదికోసారి, లేదా 40 రౌండ్లకోసారి మార్చడం మామూలే.

పాత గ్రిప్‌ని కొక్కెం బ్లేడుతోనే కోయాలి. మామూలు బ్లేడు గ్రాఫైట్ పోగుల్ని తెంపుతుంది, తర్వాత షాఫ్ట్ అక్కడే విరుగుతుంది. పాత టేపు పూర్తిగా తీసి కొత్త డబుల్ సైడ్ టేపు చుట్టండి. పై కొసన అరంగుళం వదిలి గొట్టంలోకి మడవండి. కొత్త గ్రిప్ కొసనున్న రంధ్రాన్ని టీతో (బంతిని నిలబెట్టే చిన్న మేకు) మూసి, లోపల టర్పెంటైన్ పోసి కుదిపి, దాన్నే టేపు మీద ఒలికించి, ఒక్క ఊపులో తోసేయండి. సగంలో ఆగారా, అక్కడే పట్టేస్తుంది. వంకర లేకుండా సరిచేసి రాత్రంతా కదపకండి. కొనేముందు సైజు చూడండి: 0.600 అంగుళాల షాఫ్ట్‌కి 0.580 గ్రిప్ ఎక్కిస్తే సాగి, చేతికి లావుగా తగులుతుంది.

తీరం_లింక్స్
వెడ్జ్ మాత్రం నిజంగానే అరుగుతుంది. బంకర్ (ఇసుక గుంట) ఇసుక ఫేస్ (బంతిని తాకే ముఖం) మీది గ్రూవ్‌ల (సన్నని గాళ్ల) అంచుల్ని గుండ్రంగా చేసేస్తుంది. పొడి ఫెయిర్‌వేలో (కత్తిరించిన గడ్డి దారి) తేడా అంతగా తెలియదు. తడి రఫ్‌లో (పక్కనుండే పొడవు గడ్డి) బంతికీ ఫేస్‌కీ మధ్య చేరిన నీళ్లు పోవడానికి దారుండదు, స్పిన్ పడిపోతుంది. గ్రూవ్‌ల మీద అడ్డంగా గోరుతో గీసి చూడండి. హీల్ (షాఫ్ట్ వైపు కొస) దగ్గర తగులుకుని, ఫేస్ మధ్యలో జారిపోతే దాని పని అయిపోయినట్టే. షార్పనర్‌తో మురికి తీయండి, లోహం మాత్రం తొలవకండి. మామూలు వాడకంలో అరిగిన క్లబ్‌కి నిబంధనల్లో అభ్యంతరం లేదు, గాడి వెడల్పు చేస్తే టోర్నమెంటుకు పనికిరాకుండా పోవచ్చు.

వైజాగ్ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో స్టీల్ షాఫ్టులకి లోపలి తుప్పు ప్రమాదం. షాఫ్ట్ ఊపితే లోపల గలగలమంటే విప్పి చూపించండి.

గోల్కొండ_18
మరి డ్రైవర్ ఫేస్? ఇంకో ప్రశ్న, కొత్త 7 ఐరన్ నా పాతదానికన్నా దూరం పోతోంది, ఎందుకు?

షాఫ్ట్_రిపేర్
టైటానియం ఫేస్ వాడేకొద్దీ మందగించదండీ. దెబ్బలు తిన్నకొద్దీ ఇంకాస్త స్ప్రింగ్ పెరిగి, చివరికి పగలొచ్చు. నిబంధనల్లో ఫేస్‌కి సీటీ (ఫేస్ ఎంత స్ప్రింగులా ఉందో చెప్పే, పరీక్షలో తాకి ఉండే కాలం) పరిమితి 239 మైక్రోసెకన్లు, దాని మీద 18 దాకా మినహాయింపు. 2019లో ఉత్తర ఐర్లాండ్‌లోని రాయల్ పోర్ట్‌రష్‌లో జరిగిన బ్రిటిష్ ఓపెన్ టోర్నమెంటులో అమెరికా ఆటగాడు జాండర్ షాఫెలీ డ్రైవర్ ఆ పరీక్షలో ఫెయిలైంది. కాబట్టి వేగం గురించి కాదు, పగులు గురించి చూడండి: శబ్దం ఒక్కసారిగా మారినా, ఫేస్ మీద సుద్దపొడి రుద్ది తుడిచాక సన్నని తెల్లగీత మిగిలినా వాడకం ఆపేయండి. ఫెరూల్ (హెడ్డు, షాఫ్ట్ కలిసే చోటి ప్లాస్టిక్ ఉంగరం) పైకి జరిగి సందు కనిపిస్తే డిక్కీ వేడికి ఎపాక్సీ జిగురు పట్టు వదులుతోందని అనుమానించాలి. హెడ్డు ఊడి ఎగిరితే ఎదుటివాళ్లకు ప్రమాదం. విప్పించి, కొత్త ఎపాక్సీతో అతికించి, 24 గంటలు ఆరనిచ్చాకే కొట్టాలి.

7 ఐరన్ సంగతి ఎక్కువగా లాఫ్ట్‌ది (ఫేస్ వెనక్కి వాలిన కోణం). పాత సెట్లలో 34 డిగ్రీలుండేది, ఇప్పటి గేమ్ ఇంప్రూవ్‌మెంట్ (మామూలు ఆటగాళ్లకి సులువుగా చేసిన) సెట్లలో 28, 29 కూడా ఉంటున్నాయి. పాత 6 ఐరన్‌తోనో, 5 ఐరన్‌తోనో కొడుతున్నట్టే లెక్క. మీ ఐరన్ల లాఫ్టులు కొలిపించి, కొత్తదాన్ని నంబరుతో కాకుండా డిగ్రీలతో పోల్చండి. గ్రిప్పులు, ఒక వెడ్జ్ మార్చాకే మిగతా ఖర్చు.