సొసైటీ మెయిల్ నిండిపోయింది, ఎక్కడ మొదలుపెట్టాలి?

మియాపూర్ కొత్త సెక్రటరీ:
అందరికీ నమస్కారం. మాది 64 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. పోయిన నెల జనరల్ బాడీ మీటింగుకు వెళ్ళలేకపోయాను. వెళ్ళనివాళ్ళనే సెక్రటరీని చేస్తారు కదా, చేసేశారు. పాత సెక్రటరీ గారు బీరువా తాళాలతో పాటు సొసైటీ జీమెయిల్ పాస్‌వర్డ్ రాసిన చీటీ ఇచ్చారు. తెరిచి చూస్తే చదవని మెయిల్సే 11,400. స్టోరేజ్ నిండిపోయిందని పైన హెచ్చరిక. లిఫ్ట్ వాళ్ళు ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) రెన్యువల్ కాగితం మెయిల్లో పంపితే తిరిగొచ్చిందట, ఫోన్ చేసి చెప్పారు. రెండు రాత్రులు కూర్చుని ఒక్కొక్కటే తీసేశాను, 900 దాకా. స్టోరేజ్ అంకె కదిలితే ఒట్టు. మా వారేమో పక్కన కూర్చుని నవ్వుతున్నారు. నెలనెలా డబ్బు కట్టి స్టోరేజ్ కొందామంటే కమిటీలో మళ్ళీ పంచాయితీ. ఏం చేయమంటారు?

విశాఖ సిస్టమ్స్ కుర్రాడు:
మేడమ్, ముందు డిలీట్ చేయడం ఆపండి. మీరు తీసిన 900 ట్రాష్‌లో కూర్చున్నాయి. అక్కడ 30 రోజులుంటాయి, అప్పటిదాకా స్టోరేజ్ లెక్కలోనే ఉంటాయి. ట్రాష్ ఖాళీ చేస్తేనే జాగా వస్తుంది. ఆర్కైవ్ నొక్కినా లాభం లేదు, ఇన్‌బాక్స్‌లోంచి కనబడకుండా పోతుందంతే.

ఇంకోటి, ఉచితంగా ఇచ్చే ఆ 15 జీబీ మెయిల్ ఒక్కదానికే కాదు. డ్రైవ్, ఫోటోలు కూడా అందులోంచే తింటాయి. కంప్యూటర్లో జీమెయిల్ తెరిచి, మెయిల్స్ జాబితా కిందికంటా దిగితే ఎంత వాడారో అంకె ఉంటుంది. దాని మీద నొక్కితే ఏది ఎంత తిన్నదో విడివిడిగా చూపిస్తుంది. అది చూసి చెప్పండి.

మియాపూర్ కొత్త సెక్రటరీ:
చూశాను. మెయిల్ 4.1, డ్రైవ్ 1.6, ఫోటోలు 9.2 జీబీ! సొసైటీకి ఫోటోలేంటని తెరిస్తే పాత సెక్రటరీ గారి మనవరాలు, తిరుపతి ప్రయాణం, వాట్సాప్‌లో వచ్చిన గుడ్ మార్నింగులు. ఇవి తీసేస్తే సరిపోతుందా?

విశాఖ సిస్టమ్స్ కుర్రాడు:
అమ్మో, ఇప్పుడే తీయకండి! ఆయన ఫోన్లో సొసైటీ అకౌంట్ పెట్టుకున్నప్పుడు ఫోటోల బ్యాకప్ దానికే ఆన్ అయి ఉంటుంది. 2021 జూన్ 1 నుంచి ఎక్కించే ఫోటోలన్నీ స్టోరేజ్ లెక్కలోకి వస్తున్నాయి, అందుకే ఇలా నిండింది. ఆయన ఫోన్లో ఆ అకౌంట్ ఇంకా ఉంటే, మీరిక్కడ తీసేసినవి అక్కడ కూడా పోతాయి. ఫోన్లో ఖాళీ చేసుకోవడానికి అసలు కాపీలు ఆయనే ఎప్పుడో తీసేసి ఉంటే, మీ దగ్గరున్నదే ఆఖరి కాపీ.

కాబట్టి ఆయన్ని పిలవండి. ముందు ఆయన ఫోన్లో బ్యాకప్ ఆపించండి. తర్వాత గూగుల్ టేకౌట్‌లో (అకౌంట్‌లో ఉన్నవన్నీ దింపుకునే గూగుల్ పేజీ) ఫోటోలు మాత్రమే టిక్ పెట్టి జిప్ ఫైళ్ళుగా దింపి, పెన్‌డ్రైవ్‌లో వేసివ్వండి. ఒకటి రెండు తెరిచి చూసుకోమనండి. ఆ తర్వాత ఆ అకౌంట్ ఆయన ఫోన్లోంచి తీయించి, అప్పుడు ఇక్కడ డిలీట్ చేయండి. ఫోటోలకు బిన్ వేరే ఉంటుంది, అదీ ఖాళీ చేయాలి. పనిలో పనిగా రికవరీ ఫోన్ నంబర్, అంటే పాస్‌వర్డ్ మర్చిపోతే కోడ్ వచ్చే నంబర్, ఎవరిదో చూడండి. కచ్చితంగా ఆయనదే అయి ఉంటుంది.

నిజాంపేట ట్రెజరర్:
మేము ఇంత ఆలోచించలేదు. రెండేళ్ళు దాటిన మెయిల్స్ అన్నీ ఒక్క దెబ్బకు ఎగరగొట్టాం. హాయిగా ఉంది.

రిటైర్డ్ బ్యాంక్ మేనేజర్, విజయవాడ:
ట్రెజరర్ గారూ, ఆ హాయి ఎన్నాళ్ళో చూడాలి. రెరా చట్టంలో (ఇళ్ళు కొన్నవాళ్ళకు బిల్డర్ల నుంచి రక్షణ ఇచ్చే చట్టం) 14వ సెక్షన్ ప్రకారం ఫ్లాట్ అప్పగించిన నాటి నుంచి 5 ఏళ్ళలోపు కట్టడంలో లోపం బయటపడి మనం చెబితే, బిల్డర్ 30 రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచేయాలి. చెప్పామనడానికి రుజువు ఏది? ఆ మెయిలే. బేస్‌మెంట్‌లో నీరు కారుతోందని మీరు రాసింది, చూస్తామని వాళ్ళు రాసింది. తేదీ చూసి కాదు, పంపినవాళ్ళని చూసి తీయాలి.

అమ్మా, మీరు వెతికే పెట్టె కుడి చివరన గీతల గుర్తు నొక్కండి. ఒక ఫారం వస్తుంది. అందులో సైజు దగ్గర 5 ఎంబీ కంటే ఎక్కువ అని పెట్టి వెతకండి. బరువైనవన్నీ ఒకచోటికి వస్తాయి. అటాచ్‌మెంట్ ఒక్కటే తీసే వీలు జీమెయిల్‌లో లేదు, మెయిల్ మొత్తం పోతుంది. అందుకని కావాల్సిన పీడీఎఫ్ ముందు దింపుకోండి. సెంట్ మెయిల్స్ కూడా చూడండి, మనం పంపినవీ అంతే జాగా తింటాయి.

విశాఖ సిస్టమ్స్ కుర్రాడు:
చదవని 11,400లో ఎక్కువ భాగం ప్రమోషన్స్‌లోనే, అంటే ప్రకటనల మెయిల్స్ పడే ట్యాబ్‌లోనే ఉంటాయి. కంప్యూటర్లో ఆ ట్యాబ్ తెరిచి పైనున్న చిన్న గడి టిక్ చేయండి. కనబడే పేజీ మాత్రమే సెలెక్ట్ అవుతుంది. వెంటనే పైన ఒక లైను వస్తుంది, మొత్తం సంభాషణలన్నీ సెలెక్ట్ చేయమంటారా అని. చాలామంది దాన్ని చూడకుండా యాభై యాభై చొప్పున తీస్తూ కూర్చుంటారు. నొక్కేముందు కరెంటు బిల్లు, ఆస్తి పన్ను రసీదు అందులోకి దారితప్పి వచ్చాయేమో వెతకండి.

మళ్ళీ మళ్ళీ వచ్చే దుకాణాల మెయిల్స్‌కి పంపినవారి పేరు పక్కనే అన్‌సబ్‌స్క్రైబ్ ఉంటుంది. ముక్కూ మొహం తెలియని చోటు నుంచి వస్తే మాత్రం అందులోని లింకులు నొక్కొద్దు, స్పామ్ అని కొట్టండి. మెయిల్స్‌ని విడదీసుకోవడానికి తగిలించే పేర్లు, అదే లేబుల్స్, ఒక నాలుగు చాలు. తెలుగులోనే పేర్లు పెట్టుకోవచ్చు. నలభై ఫోల్డర్లు పెట్టి ఏది ఎందులో వేశామో వెతుక్కునేవాళ్ళని చాలామందిని చూశాను.

మియాపూర్ కొత్త సెక్రటరీ:
ఆదివారం పాత సెక్రటరీ గారు పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చారు. మనవరాలి అన్నప్రాసన ఫోటోలు పాత ఫోన్‌తో పాటే పోయాయని ఇంట్లో మూడేళ్ళుగా మాటలు పడుతున్నారట. మా డైనింగ్ టేబుల్ దగ్గరే కూర్చుని అన్నీ చూసుకున్నారు. నేను రెండుసార్లు టీ పెట్టాను.

బరువైన మెయిల్స్‌లో దొంగ దొరికింది. మీటింగ్ మినిట్స్‌ను కలర్ స్కాన్ చేసి, ఒక్కోటి 18 ఎంబీ, ప్రతి నెలా మూడుసార్లు ఫార్వర్డ్ చేశారు. ఒక్కో కాపీ ఉంచి మిగతావి తీసేశాను. బిల్డర్ మెయిల్స్‌కి, లిఫ్ట్‌కి, బిల్లులకి, ఫ్లాట్ల ఫిర్యాదులకి నాలుగు లేబుల్స్ పెట్టాను. ఇప్పుడు మొత్తం 3.8 జీబీ.

లిఫ్ట్ వాళ్ళని కాగితం మళ్ళీ పంపమన్నాను. వచ్చింది. పోయిన ఏటి కంటే 12 శాతం పెంచారు. దానికేమైనా మార్గం ఉంటే చెప్పండి, వేరే ప్రశ్నగా పెడతాను.