కళ్ళు మూసుకుంటే అమ్మ తూలుతోంది, వయసేనా?

ప్రశ్న (నల్లకుంట)
మా అమ్మకు 71 ఏళ్ళు. పగలు ఇంట్లో బాగానే తిరుగుతుంది. ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకుంటే మాత్రం తూలి వాష్‌బేసిన్ పట్టుకుంటుంది. రాత్రి కరెంటు పోతే గోడ వదలదు. బిర్లా మందిర్ మెట్లు దిగాలంటే నా భుజం కావాలి. తల తిరగడం లేదంటుంది. ఎవరిని అడిగినా "వయసు కదా" అంటున్నారు. చేయగలిగింది ఏమీ లేదా?

జవాబు (ఫిజియోథెరపిస్టు, సికింద్రాబాద్)
దయచేసి ఆ మాటతో సరిపెట్టుకోకండి. మనం కదలకుండా నిలబడ్డామనుకున్నా శరీరం కొద్దిగా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును కళ్ళు, లోపలి చెవి, అరికాళ్ళు, చీలమండలు మెదడుకు తెలియజేస్తాయి. వయసు పెరిగేకొద్దీ లోపలి చెవిలోని సున్నితమైన కణాలు తగ్గుతాయి, అరికాళ్ళ స్పర్శ మందగిస్తుంది. దాంతో భారమంతా చూపు మీద పడుతుంది. అమ్మగారు సబ్బు రాసుకునేటప్పుడు ఆ ఆధారం కూడా పోతోంది. పాదాలు దగ్గరగా పెట్టించి, కళ్ళు మూయించి చూసే రాంబర్గ్ పరీక్ష 19వ శతాబ్దం నుంచి ఉంది. పైగా చురుగ్గా స్పందించే కండరాల తంతువులే వయసుతో ఎక్కువగా సన్నబడతాయి కాబట్టి, తూలినప్పుడు కాలు ముందుకు వేసి నిలదొక్కుకోవడం ఆలస్యమవుతుంది.

అయితే ఇదంతా వయసు పనే అనుకోవడానికి వీల్లేదు. మధుమేహం, బి12 లోపం కూడా పాదాలను మొద్దుబారుస్తాయి. రక్తపరీక్ష చేయించండి. పడుకున్నప్పుడు, లేచి నిలబడ్డాక బీపీ చూపించండి. పై అంకె 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడిపోతే డాక్టరుకు చెప్పాలి. నిద్రమాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి.

జవాబు (మలక్‌పేట)
కళ్ళద్దాలు కూడా చూడండి. మా నాన్నగారికి బైఫోకల్ అద్దాల (పైభాగం దూరపు చూపుకు, కింది భాగం దగ్గరి చూపుకు) కింది భాగంలోంచి మెట్టు అంచు మసకగా కనిపించేది. దూరపు చూపుకు విడిగా అద్దాలు చేయించాక ధైర్యంగా దిగుతున్నారు.

ప్రశ్న అడిగినవారు
అమ్మవీ బైఫోకల్ అద్దాలే! రేపే పరీక్షలకు తీసుకెళ్తాను. ఈలోగా వ్యాయామం మొదలుపెట్టవచ్చా?

జవాబు (ఫిజియోథెరపిస్టు)
పెట్టవచ్చు, మీరు పక్కనే ఉండాలి. వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించమనండి. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేవగలరేమో చూడండి. తర్వాత ఒక పాదం ముందు మరో పాదం ఆనించి నిలబెట్టండి. 10 సెకన్లు నిలవలేకపోతే పడిపోయే ముప్పు ఎక్కువని అర్థం. 65 దాటినవారు వారంలో కనీసం 3 రోజులు ఇలాంటి సాధన చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కళ్ళు మూసుకుని చేసేవి మాత్రం ఇంట్లో వద్దు, నాలాంటివారి ఎదుటే చేయించండి. స్నానాలగదిలో పట్టుకోవడానికి కడ్డీ ఈ వారమే బిగించండి. తువ్వాలు వేలాడదీసే కడ్డీ మనిషి బరువును ఆపదు.