అప్‌డేట్: పురుగు కణాల్లో మార్ఫిన్ ఎందుకు అతుక్కోలేదంటే

కిందటి నెల నేనడిగింది: ఎస్‌ఎఫ్‌9 అనే పురుగు కణాల్లో మానవ మ్యూ ఓపియాయిడ్ గ్రాహకాన్ని (మార్ఫిన్ లాంటి మందులు అతుక్కునే ప్రొటీన్) పెట్టాం, దాన్ని అడ్డుకునే మందు నలోక్సోన్ చక్కగా అతుక్కుంటోంది, మార్ఫిన్ మాత్రం అంటీముట్టనట్టు ఉంటోంది, ఎందుకు?

తప్పు గ్రాహకానిది కాదు. దానికి జత కుదిరే, దాని సంకేతాన్ని కణం లోపలికి చేరవేసే జీఐ ప్రొటీన్ పురుగు కణాల్లో చాలినంత లేదు. ఆ తోడు లేనిదే గ్రాహకం మార్ఫిన్ లాంటి ఉత్తేజకాన్ని గట్టిగా పట్టుకోదు. నలోక్సోన్ వంటి నిరోధకానికి ఆ బెడద లేదు. క్షీరదాల జీఐ ప్రొటీన్‌లోని ఆల్ఫా, బీటా, గామా ఉపభాగాలను కూడా, పురుగు కణాల్లోకి జన్యువులను మోసుకెళ్లే బాక్యులోవైరస్‌తో పంపాక మార్ఫిన్ దారికి వచ్చింది.

రెండో దొంగ తిరుపతి ఎండ. ఈ కణాలకు 27 డిగ్రీలు కావాలి. మా పాత ఇంక్యుబేటర్‌కు వేడి చేయడమే తెలుసు. మధ్యాహ్నానికల్లా 33 చూపించేది. చల్లబరిచేది అరువు తెచ్చుకున్నాం.

అన్నట్టు, ఇవి మొక్కజొన్నను తినేసే కత్తెర పురుగు అండాశయ కణాలని చెబితే, పలమనేరు దగ్గర మొక్కజొన్న వేసే మా మామయ్య “దాన్ని నువ్వు పెంచుతున్నావా!” అని ముఖం తిప్పుకున్నారు.