అప్‌డేట్: సెట్ డెకరేషన్ పోర్ట్‌ఫోలియో మార్చేశాను

టీవీ ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్‌గా చేరడానికి పోర్ట్‌ఫోలియోలో ఏం పెట్టాలని అడిగాను కదా. మీరు చెప్పినట్టే త్రీడీ రెండర్లు (కంప్యూటర్లో చేసిన సెట్ బొమ్మలు) చాలావరకు తీసేశాను. ఇప్పుడు ఒకే గదికి 1:50 స్కేల్లో ఫ్లోర్ ప్లాన్, గోడల ఎలివేషన్లు (ఎదురుగా చూస్తే కనబడే డ్రాయింగులు), సెట్లో వాడే వస్తువుల లిస్టు ఉన్నాయి. కెమెరా పెట్టడానికి ఏ గోడ ఊడదీయొచ్చో ప్లాన్‌లోనే గుర్తుపెట్టాను. అది లేకపోతే ప్లాన్ ఉత్త బొమ్మే.

సన్నగీతల కర్టెన్లు తీసేశాను, అవి కెమెరాలో అలలు అలలుగా మిణుకుమంటాయి. గోడమీది ఫొటో ఫ్రేముల్లో లైట్లు కనబడకుండా పైఅంచు వెనక చిన్న చెక్కముక్క దోపి అద్దాన్ని కాస్త కిందికి వంచాలన్న చిట్కా బ్రహ్మాండం! ఆ తేడా చూపే రెండు ఫొటోలు పక్కపక్కనే పెట్టాను. బడ్జెట్ షీట్లో అద్దె, కొనుగోలు, తయారీ విడివిడిగా వేశాను.

కంటిన్యుటీ ఫొటోల (షాట్ షాట్‌కీ వస్తువులు అదే చోట ఉండేలా చూసుకోడానికి తీసేవి) నమూనా ఒక్కటే మిగిలింది.